ధర్నా ఫోటోల్లో ముఖాలు చూపించాలా? పైపులైన్ పొలాల నుంచి ఒక ప్రశ్న

గుత్తికోట_ఫ్రేమ్
మా పక్క పల్లెల పొలాల మీదుగా పెట్రోలు పైపులైన్ వేస్తున్నారు. రైతులు చాలాకాలంగా కొట్లాడుతున్నారు. అసలు లైనే వద్దని కొందరు, దారి మార్చి బీడు భూముల మీదుగా తీసుకుపొమ్మని కొందరు, పరిహారం సరిగా ఇస్తే చాలని కొందరు. సర్వే వాళ్లు రాళ్లు పాతినప్పటి నుంచీ నేను ఫోటోలు తీస్తున్నాను. తహసీల్దార్ ఆఫీసు ముందు బైఠాయింపు, రాత్రిపూట గుడి దగ్గర మీటింగులు, పోలీసు జీపు వచ్చిన రోజు, అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు అనంతపురంలో ప్రదర్శన పెడదామని మిత్రులు ముందుకొచ్చారు. వాళ్లందరికీ నచ్చిన ఫోటో ఒకటుంది. ఒక పెద్దావిడ పొక్లెయిన్ బకెట్ ఎదుట నిలబడి, కొంగు నడుముకు బిగించి, పట్టాదారు పాసుపుస్తకం పైకెత్తి చూపిస్తోంది. చెమటకు పుస్తకం అట్ట మెత్తబడి వేళ్ల మధ్య వంగిపోయింది. లోపల కూర్చున్న డ్రైవరు లీవర్ల మీద చేతులు పెట్టుకుని పక్కకు చూస్తున్నాడు. తీసేటప్పుడు ఆమే "తియ్యి నాయనా, పేపర్లో రానీ" అనింది.

ఇప్పుడు ఆమె కొడుకు అదే లైను కాంట్రాక్టరు దగ్గర ట్రాక్టరు బాడుగకు తిప్పుతున్నాడు. మొన్న ఫోన్ చేసి "అన్నా, ఆ ఫోటో యాడా పెట్టొద్దు" అన్నాడు. అది లేకపోతే ప్రదర్శనకు బలమే లేదని మిత్రులు. ఏం చేయాలి?

ఇంకో బాధ కూడా ఉంది. పేపర్లకు ఎన్ని పంపినా మైకు పట్టుకున్న నాయకుడి ఫోటోనే వేస్తారు. పొలం కనపడదు, రైతు కనపడడు.

కేసీ_కెనాల్
కొడుకు వద్దన్నాడు సరే. ఆమె ఏమంటోంది?

గుత్తికోట_ఫ్రేమ్
ఆమె తన కూతురి ఊరికి పోయింది. శుక్రవారం వస్తుంది. ఫోన్లో అడిగే విషయం కాదని ఆగినాను.

పాత_ఎన్లార్జర్
నేను కర్నూలులో ఫిల్ము రోజుల నుంచి పత్రికలకు తీసినవాడిని. నా మాట సూటిగా చెబుతా తమ్ముడూ. ఫోటో పెట్టు.

ముఖం తీసేస్తే మిగిలేది గుంపు. గుంపును చూసి ఎవరి మనసూ కదలదు. ఆఫీసరు ఫైల్లో కూడా వాళ్లు గుంపే. ఎఫ్ఐఆర్‌లో నలుగురి పేర్లు రాసి "మరియు ఇతరులు" అని ముగిస్తారు కదా, ముఖాలు మసక చేస్తే నీ ఫోటో కూడా అదే పని చేస్తుంది. ఆ పెద్దావిడ తన పొలంలో, తన పుస్తకం పట్టుకుని, పట్టపగలు నిలబడింది. దాచుకోవాల్సిన పని ఆమె ఏదీ చేయలేదు. ఆమె ముఖాన్ని నువ్వు దాస్తే తప్పు చేసినట్టు చూపించింది నువ్వే అవుతావు.

కొడుకు సంగతి వేరు. అతను ఆమె తరఫున మాట్లాడలేడు.

లా_పాయింట్_కడప
పాత_ఎన్లార్జర్ గారూ, "ఆమె తప్పేమీ చేయలేదు" అన్నది నిజమే. కానీ తప్పు చేయనివాళ్ల మీద కూడా బైండోవర్ కేసులు పెడతారు. ఫోటో చూసి మనిషిని గుర్తుపట్టడం పోలీసులకు ఒక్క నిమిషం పని. స్టేషన్‌కు తిరిగేది ఆమె. మీరూ కాదు, నేనూ కాదు. అనుమతి అంటే ఒకసారి "తియ్యి" అన్నందుకు ఎప్పటికీ సరిపోయేది కాదు. పేపర్లో రావడం వేరు, ఆరడుగుల ప్రింటు గోడకెక్కడం వేరు, అది ఫేస్‌బుక్‌లో పదేళ్లు ఉండడం వేరు.

రీల్స్_రాజా
ఫోటోలు ఎవరు చూస్తున్నారన్నా ఇప్పుడు? ముప్పై సెకన్ల వీడియో పెట్టు, రెండు లక్షల మంది చూస్తారు. ఆ ఊరు నాకు తెలుసు కూడా, [తొలగించబడింది] కదా?

మోడరేటర్
ఊరి పేరు తీసేశాను. ఈ చర్చలో ఊరు, సర్వే నంబరు, మనుషుల పేర్లు ఎవరూ రాయకండి. మిగతాది కొనసాగించండి.

డెస్క్‌లో_రాత్రి
పేపర్ల మీద ఫిర్యాదు వచ్చింది కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. జిల్లా పేజీ చేసేది నేనే. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక ధర్నా నుంచి ఇరవై ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఒక్కదాని కిందా ఉండదు. నాయకుడి పేరు ఒక్కటే నాకు ఖాయంగా తెలుసు. అందుకే ఆయన ఫోటో వెళ్తుంది. పొలం ఫోటో కింద "ఫలానా మండలంలో పైపులైన్ కోసం తవ్విన కందకం, పక్కన కాపుకొచ్చిన చీనీ చెట్లు" అని రెండు ముక్కలు రాసి తొమ్మిదిలోపు పంపండి. చాలాసార్లు అదే వెళ్తుంది. ఎప్పుడూ వెళ్తుందని మాట ఇవ్వలేను. ప్రకటన వచ్చి మీద పడితే ఫోటోనే ముందు పోతుంది.

పాత_ఎన్లార్జర్
డెస్క్‌లో_రాత్రి, క్యాప్షన్ మాట బంగారం. ఈ కాలం పిల్లలు లెన్సు గురించి గంట మాట్లాడతారు, క్యాప్షన్ మాత్రం రాయరు.

చీనీతోట
ఇక్కడ ఫోటోలు తీయని రైతును నేనొక్కడినే అనుకుంటా. రెండేళ్ల కిందట మా తోటలోంచి కూడా లైను పోయింది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి.

మీరంతా ధర్నా ఫోటోల గురించి మాట్లాడుతున్నారు. మాకు పనికొచ్చిన ఫోటో అది కాదు. మా పక్క పొలం పిల్లోడు తవ్వకానికి ముందు తన ఫోన్లో తోటంతా తీసినాడు. వరుస వరుసకూ, చెట్టు చెట్టుకూ. తర్వాత చెట్ల లెక్క దగ్గర తకరారు వచ్చింది. కాపు చెట్టును వాళ్లు లేత మొక్క అని రాసుకున్నారు. కాపు చెట్టు లెక్క వేరు, మొక్క లెక్క వేరు. ఆ ఫోన్ ఫోటోలో కొమ్మకు కాయలు కనపడుతున్నాయి, వెనకాల బోరు షెడ్డు కనపడుతోంది. అది చూపిస్తే మళ్లీ లెక్కేసినారు.

రెండోది మట్టి. కందకం తవ్వేటప్పుడు పైన జానెడు మంచి మట్టిని ఒక పక్కకు, కింది గరుసును ఇంకో పక్కకు వేయాలి. పూడ్చేటప్పుడు గరుసు కిందికి, మంచి మట్టి పైకి రావాలి. మా చేలో రెండూ కలిపి ఒకే కుప్ప పోసినారు. ఇప్పుడు ఆ పట్టీ మీద శనక్కాయ వేస్తే మొలక వస్తుంది, జానెడెత్తుకు పసుపు తిరుగుతుంది. పొలం ఈ చివర నుంచి నిలబడి చూస్తే లైను ఏడ పోయిందో చెట్లు చెబుతాయి. ఆ కుప్ప పోసిన రోజు ఫోటో ఎవరి దగ్గరా లేదు. ఆ రోజు అందరి కెమెరాలూ తహసీల్దార్ ఆఫీసు కాడ ఉన్నాయి.

గుత్తికోట_ఫ్రేమ్
చీనీతోట అన్నా, ఇది చాలా విలువైన మాట. మా దగ్గర ఇంకా సగం దూరం తవ్వాల్సి ఉంది. రేపే పోతాను.

చీనీతోట
పోయేటప్పుడు ఒక కొలబద్ద కట్టె పట్టుకుపో. కందకం అంచున నిలబెట్టి తీయి. మంచి మట్టి ఎంత లోతుందో ఎవరూ కాదనలేరు.

లా_పాయింట్_కడప
చీనీతోట గారు చెప్పిన దానికి చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

పెట్రోలు, గ్యాస్ పైపులైన్లకు మన భూమిని మామూలు భూసేకరణలా కొనరు. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం కింద వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పట్టా రైతు పేరునే ఉంటుంది. మామూలుగా 18 మీటర్ల వెడల్పు పట్టీ పోతుంది. ఆ పట్టీలో పైరు వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. శనక్కాయ రైతుకు ఇది ఒక పంట నష్టం. చీనీ రైతుకు తోట మధ్యలో ఎప్పటికీ చెట్టు రాని బాట. డబ్బు మాత్రం పంటకూ చెట్లకూ జరిగిన నష్టం, దాని మీద భూమి మార్కెట్ విలువలో 10 శాతం. లెక్క నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు.

గెజిట్ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం రాసివ్వడానికి ఉన్న గడువు 21 రోజులు. చాలామంది రైతులకు విషయం తెలిసేసరికే అది దాటిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే దాన్ని మొత్తం వీడియో తీయాలి. అంటే జనం ఏం మాట్లాడారో సర్కారు దగ్గరే రికార్డు ఉంటుంది. కానీ అదే నోటిఫికేషన్‌లో ఆయిల్ పైపులైన్ల మాట అభయారణ్యాలు, సున్నిత ప్రాంతాల మీదుగా పోయేవాటికే. మామూలు పొలాల మీదుగా పోతే ఆ సేకరణే లేదు. 2020 జనవరిలో చమురు, గ్యాస్ అన్వేషణ బావులను కూడా అందులోంచి తప్పించారు. తమిళనాడు డెల్టా రైతులు గొడవ చేసింది దీని మీదే. 2025 సెప్టెంబరులో అణు ఖనిజాల గనులకూ అక్కర్లేదన్నారు. జనం మాట రికార్డయ్యే చోట్లు ఇలా ఒక్కొక్కటీ పోతుంటే మిగిలేది మీరు తీసే ఫోటోలే. అందుకని వాటిని ప్రదర్శన వస్తువులుగా కాకుండా కాగితాల్లా భద్రం చేయండి.

కోర్టులో చూపాలంటే ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలును బట్టి కంప్యూటరు లెక్కగట్టే గుర్తు, రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి మెమరీ కార్డులోని అసలు ఫైలును ముట్టుకోకుండా వేరే డిస్కులో పెట్టండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే తేదీ, చోటు వివరాలన్నీ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

రీల్స్_రాజా
ఈ డాక్యుమెంట్ సంగతి నాకు తెలియదు మేడం. సేవ్ చేసుకున్నా.

పులివెందుల_పల్లె
మాది తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గర ఊరు. అరటి ఎండిపోతోందని, బోరు నీళ్లు చెడిపోయాయని, గొడ్లకు చర్మ రోగాలు వస్తున్నాయని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. తమ వల్ల కాదని కంపెనీ అంటుంది. ఈ రెండు మాటల మధ్య ఫోటో ఏం చేయగలదన్నదే నా సమస్య.

ఎండిన అరటి చెట్టు ఫోటో తీస్తే ఎండకు ఎండిందంటారు. డ్రిప్ పైపు చుక్క పడే చోట తెల్లటి పొర కడుతుంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. దాన్ని దగ్గర్నుంచి తీస్తే చూసినవాళ్లు భయపడతారు. కానీ ఆ తెలుపు సున్నపు నీళ్లున్న ఏ బోరుకైనా రావచ్చు. నీళ్లలో ఏముందో కెమెరా చెప్పదు. చెప్పినట్టు చూపిస్తే రేపు ఎవరో ఒకరు తప్పని తేలుస్తారు, దాంతో రైతు చెప్పిన నిజమైన మాట కూడా కొట్టుకుపోతుంది.

అందుకే నేను రెండు పనులు చేస్తున్నా. ఒకే తోటలో ఒకే గట్టు మీద నిలబడి ఒకే వైపు నెలనెలా తీస్తున్నా. ఫోటో పక్కన నీటి పరీక్ష కాగితం కూడా పెడుతున్నా. కాగితం లేని చోట "రైతు చెప్పిన మాట ఇది" అని మాత్రమే రాస్తా.

కేసీ_కెనాల్
నెలనెలా ఒకే చోట నిలబడి తీయడం... ఓపికకు దండం. పెళ్లి ఆల్బమ్ వాళ్లను కూడా చేర్చుకోండి, "కొంచెం నవ్వండి సార్" అని అరటి చెట్టును నవ్విస్తారు.

వేమన_వర్సిటీ
ముఖాల ప్రశ్నకు మళ్లీ వస్తాను. మా ఫైన్ ఆర్ట్స్ క్లాసులో నైజీరియాలోని నైజర్ డెల్టా ఫోటోల మీద చాలా చర్చ జరుగుతుంది. చమురు మీద జనం తిరగబడిన చోట్లలో అంత విస్తారంగా ఫోటోలకెక్కినవి తక్కువ.

1993 జనవరి 4న ఒగోనీ ప్రాంతంలో సుమారు 3 లక్షల మంది ఊరేగింపుగా వచ్చారు. ఒగోనీల జనాభాలో అది సగానికి పైమాటే. షెల్ కంపెనీ ఆ ఏడాదే అక్కడ చమురు తీయడం ఆపింది. ఉద్యమాన్ని నడిపిన రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న ఉరి తీశారు. అలాంటి చోట ముఖం చూపించాలా వద్దా అన్నది ప్రాణాల లెక్క.

జార్జ్ ఒసోడి అని అక్కడి ఫోటోగ్రాఫరే ఉన్నాడు. 2003 నుంచి డెల్టాలో తీసిన ఫోటోలను 2007లో జర్మనీలోని కాసెల్‌లో, ప్రపంచంలో పేరున్న డాక్యుమెంటా ప్రదర్శనలో చూపించాడు. డెల్టా నుంచి వచ్చిన ఫోటోల్లో నాకు బాగా గుర్తున్నవి ఊరేగింపులు కావు. గ్యాస్ మంటల పక్కన ఆడవాళ్లు కర్రపెండలం ఆరబెట్టుకుంటున్నవి. ఆ మంట వాళ్ల గాలిని పాడు చేస్తోంది, అదే మంట వేడి మీద వాళ్ల పూట గడుస్తోంది. పెద్దావిడ, ట్రాక్టరు బాడుగకు పెట్టిన కొడుకు కథ చదవగానే నాకు ఆ ఫోటోలే గుర్తొచ్చాయి. ఆ కొడుకును తల్లికి ఎదురు నిలబెట్టి చూడకండి. 2002 జులైలో అదే డెల్టాలోని ఎస్క్రావోస్‌లో ఊరి ఆడవాళ్లు షెవ్రాన్ కంపెనీ చమురు టెర్మినల్‌ను దాదాపు పది రోజులు ఆక్రమించారు. వాళ్లు అడిగిన వాటిలో కరెంటు, నీళ్లతో పాటు కొడుకులకు ఉద్యోగాలు కూడా ఉన్నాయి.

వెనక్కి తీసుకున్న ఫోటో గురించి కూడా చెప్పాలి. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం వల్ల పుట్టుకతోనే వైకల్యం వచ్చిన అమ్మాయికి తల్లి స్నానం చేయిస్తున్న ఫోటోను యూజీన్ స్మిత్ 1971లో తీశాడు. ప్రపంచమంతా చూసింది, ఉద్యమానికి ఎంతో బలమిచ్చింది. స్మిత్ కూడా ఊరికే తీసిపోలేదు, 1972 జనవరిలో కంపెనీ మనుషుల చేతుల్లో తీవ్రంగా దెబ్బలు తిన్నాడు. ఆ అమ్మాయి 1977లో చనిపోయింది. 1990ల చివర తల్లిదండ్రుల కోరిక మేరకు ఇకపై ఆ ఫోటో ఎక్కడా వాడకుండా ఆపాలని, స్మిత్‌తో కలిసి పనిచేసిన ఆయన భార్య ఐలీన్ నిర్ణయించింది. అంత పేరున్న ఫోటోనే ఆపగలిగినప్పుడు అనంతపురంలో ఒక గోడ ఖాళీగా ఉంటే కొంపలేం మునగవు.

పాత_ఎన్లార్జర్
వేమన_వర్సిటీ, మీరు చెప్పిన ఉదాహరణ నా వైపే నిలబడుతుంది. ఆ ఫోటో ముందు ఇరవై ఏళ్లకు పైగా లోకంలో తిరిగింది, పని చేసింది, ఆ తర్వాతే ఆపారు. మొదటి రోజే ఆపి ఉంటే మినమాటా పేరు మనకు తెలిసేదా? మన దగ్గర సోంపేటనే తీసుకోండి. 2010 జులైలో థర్మల్ ప్లాంటు వద్దని బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, నిలబడిన జనాన్ని, ఆ రోజు కాల్పులను కెమెరాలు పట్టుకోకపోతే విషయం ఊరు దాటేది కాదు.

వేమన_వర్సిటీ
ఆ మాట కాదనను. కానీ ఎంతకాలం పని చేయాలో, ఎప్పుడు ఆగాలో తేల్చింది ఆ కుటుంబం. నేను అడిగేది అదే.

హంద్రీ_గట్టు
దేవనకొండ వైపు నుంచి రాస్తున్నా. 2024 నవంబరులో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. పెద్ద కెమెరాలు రాకముందే ఊరి పిల్లలు ఫోన్లలో తీసి స్టేటస్ పెట్టినారు. ఆ నెలలోనే సర్కారు వెనక్కి తగ్గింది. కాబట్టి రీల్స్_రాజా మాటను తీసిపారేయొద్దు.

నాకు అందులో నచ్చింది ఇంకోటి. ఒకప్పుడు కప్పట్రాళ్ల అంటే పేపర్లలో ఫ్యాక్షన్ ఫోటోలే. శవాలు, పోలీసు పికెట్లు, కాలిన జీపులు. ఈసారి అదే ఊరి మనుషులు అడవి కోసం, తాగునీళ్ల కోసం ఒకే చోట నిలబడి కనపడినారు. ముఖాలు మసక చేసి ఉంటే మా వాళ్లకే ఆ తృప్తి ఉండేది కాదు.

రీల్స్_రాజా
థాంక్స్ అన్నా.

లా_పాయింట్_కడప
హంద్రీ_గట్టు, అక్కడ ఊరంతా ఒక్క మాట మీద ఉంది, గొడవ కూడా త్వరగా తేలింది. గుత్తికోట వాళ్ల దగ్గర ఊరే మూడు మాటల మీద ఉంది, పని నడుస్తోంది. ఒకరి ఇంట్లోనే రెండు మాటలున్నాయి. రెండూ ఒకటి కాదు.

కోనసీమ_కోడలు
కోడలిననే పేరే గానీ కోనసీమ నా పుట్టిల్లు. పెళ్లై నంద్యాల వచ్చాను. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు నేను స్కూలు పిల్లని. జనవరి 8న మొదలైన మంట 65 రోజులు ఆరలేదు. ఆ హోరుకు మా మేనత్త వాళ్లింట్లో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సి వచ్చేది. ఇప్పటికీ ఆ ఫోటోలు వెతికితే మంటే వస్తుంది. ఆకాశమంత మంట. ఇళ్లు వదిలి పోయినవాళ్లు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, మాడిన కొబ్బరి చెట్లకు ఎవరు లెక్క కట్టారు, వీటికి ఫోటోలు దాదాపు లేవు. 2020లో అస్సాంలోని బాఘ్‌జాన్ బావి అంటుకుని నెలల తరబడి మండినప్పుడూ నేను ముందు వెతికింది శిబిరాల ఫోటోల కోసమే.

2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. ఆ పొద్దున్నే ఫోన్లలో తిరిగిన ఫోటోలు నేను ఇక్కడ చెప్పలేను. ఆ ఇళ్లవాళ్లను ఎవరూ అడగలేదు. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న తమ మనుషుల్ని వాళ్లు వాట్సాప్‌లో చూశారు. అంతకుముందే గ్యాస్ వాసన వస్తోందని ఊళ్లోవాళ్లు మొత్తుకున్నారని ఆ తర్వాత పేపర్లన్నీ రాశాయి. ఆ వాసన వచ్చిన రోజుల్లో, ఫిర్యాదు చేసిన మనిషిని, ఆ పైపు పక్కనున్న టీ కొట్టును ఎవరైనా ఒక్క ఫోటో తీసి ఉంటే!

గుత్తికోట తమ్ముడూ, మీ దగ్గర ఇంకా ఏమీ పేలలేదు. పైపు ఇంకా భూమిలోకి కూడా దిగలేదు. ఇప్పుడు తీస్తున్న మామూలు ఫోటోలే ఎక్కువ విలువైనవి. ఆ పని ఆపవద్దు.

చీనీతోట
అమ్మా, మీరు రాసింది మా ఇంట్లోవాళ్లకు చదివి వినిపించినా.

డెస్క్‌లో_రాత్రి
నగరం ఫోటోలు ఆ రాత్రి డెస్కు మీద నేనూ చూశాను. ఏది వేయకూడదో తేల్చడానికే గంట పట్టింది. కొన్ని పేపర్లు అన్నీ వేశాయి.

గుత్తికోట_ఫ్రేమ్
శుక్రవారం పోయి కలిసినాను. ఫోటో చిన్న ప్రింటు వేసి పట్టుకుపోయినా. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఆమె చాలాసేపు చూసింది. ముఖం సంగతి ఎత్తనే లేదు. వేలు తెచ్చి పాసుపుస్తకం మీద పెట్టి "ఇది కనపడుతోందే" అనింది. పుస్తకం తెరిచి ఉన్న పేజీలో ఖాతా నంబరు, సర్వే నంబర్లు చదవడానికి వస్తున్నాయి. గోడకు పెట్టే పెద్ద ప్రింటులో ఇంకా బాగా వస్తాయి. వాళ్ల పక్క ఊళ్లో ఎవరో ఒకరి భూమి ఇంకొకరి పేరు మీద ఆన్‌లైన్లో ఎక్కిన గొడవ ఉందంట. "నా మొగం చూస్తే ఊరోళ్లకు కొత్తేముంది? ఈ నెంబరు మాత్రం ఎవురికీ కనపడగూడదు" అనింది. ఇన్ని రోజుల చర్చలో మనలో ఒక్కరికీ ఇది తట్టలేదు.

తర్వాత మిగతా ఫోటోలు కూడా అడిగి చూసింది. అందులో పరిహారం చెక్కు తీసుకుంటూ ఏడుస్తున్న ఒక చిన్న వయసు ఆమె ఉంది. "దీన్ని తీసెయ్యి. ఆ పిల్ల తీసుకునింది, ఊళ్లో ఇప్పటికే మాటలు పడుతోంది. అనంతపురంలో కూడా పడాల్నా?" అనింది. చెక్కు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ మధ్య మాటలు లేవు ఆ ఊళ్లో. ఆ ఫోటో తీసేశాను.

కొడుకు కూడా వచ్చినాడు. ట్రాక్టరు బాడుగ బిల్లు మూడు నెలలది రావాలంట. ఈ లోపల ఫోటో బయటికొస్తే బిల్లు ఆపేస్తారని అతని టెన్షన్. తల్లి అతని మీద కసురుకుంది గానీ, తర్వాత నాతో "బిల్లు రానీ నాయనా, ఆ తర్వాత పెట్టుకో" అని తనే అనింది.

పాత_ఎన్లార్జర్
పాసుపుస్తకం నంబరు సంగతి ఆమెకు తట్టింది చూడు! దాన్ని మసక చేయడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ బిల్లు వచ్చేదాకా అంటే... కాంట్రాక్టు బిల్లులు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అప్పటికి కందకం పూడ్చేసి ఉంటారు. ఫోటో పని చేయాల్సిన కాలం దాటిపోతుంది. ఈ మాట మీద నేను గట్టిగానే ఉన్నా.

లా_పాయింట్_కడప
పని చేయాల్సిన చోటు వేరు, చూపించాల్సిన చోటు వేరు. పరిహారం ఫైలులోకి, జిల్లా కోర్టులోకి ఆ ఫోటో ఈరోజే వెళ్లవచ్చు. ఆమె పరిహారం కేసుకు ఆమె ఫోటో వాడడానికి కొడుకు బిల్లుతో పనిలేదు, అక్కడ ఖాతా నంబరు దాచాల్సిన పని కూడా లేదు. అసలు ఫైలును అలాగే ఉంచండి. మసక చేసేది ప్రదర్శన కాపీలో మాత్రమే. గోడ కొన్నాళ్లు ఆగవచ్చు.

పాత_ఎన్లార్జర్
కోర్టు ఫైల్లో ఫోటోను చూసేది ఒక్క జడ్జి. జనం చూడాలి కదమ్మా.

పులివెందుల_పల్లె
జనం అంటే అనంతపురం జనమేనా? ముందు ఆ ఊళ్లోనే పెట్టొచ్చు కదా. ప్రదర్శన హాలు కంటే గుడి ముందర అరుగు మేలు. మేము అట్లే చేసినాం. ఎవరి ఫోటో వాళ్లు చూసుకుంటారు, ఏది బయటికి పోవచ్చో వాళ్లే చెబుతారు. ఒక ముసలాయన తన ఫోటో కింద క్యాప్షన్ తప్పని మూడు మాటలు దిద్దించినాడు. ఆయన చెప్పిందే సరైనది.

హంద్రీ_గట్టు
ఇది బాగుంది. చెక్కు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లు ఇద్దరూ వస్తారు చూడ్డానికి.

కోనసీమ_కోడలు
వస్తారు. కానీ గొడవ కూడా కావచ్చు, ఆ పిల్ల ఫోటో లాంటివి ఇంకేమున్నాయో ముందే ఆడవాళ్లతో కూర్చుని చూసి పెట్టుకో తమ్ముడూ. మగవాళ్ల ముందు వాళ్లు నోరు విప్పరు.

కేసీ_కెనాల్
ప్రింట్లు ఫ్లెక్సీ మీద వేయించేటట్టయితే ఒకటి చూసుకో. షాపాయన అలవాటు కొద్దీ కింద "ఇట్లు" అని నలుగురు నాయకుల ఫోటోలు పెట్టి ఇస్తాడు.

గుత్తికోట_ఫ్రేమ్
అనంతపురం మిత్రులతో మాట్లాడినాను. ప్రదర్శన వాయిదా వేయడం వాళ్లకు ఇష్టం లేదు, ఆ ఫోటో లేకుండానే పెడతామంటున్నారు. పొక్లెయిన్ ఫోటో ఉండాల్సిన చోట చీనీతోట అన్న చెప్పిన మట్టి వరుస పెడతాం. కట్టె నిలబెట్టి తీసిన ఏడు చోట్ల కందకాలు, ప్రతిదాని కింద తేదీ, మంచి మట్టి లోతు. రెండు చోట్ల మట్టీ గరుసూ కలిపి కుప్ప పోస్తుండగానే దొరికాయి. రైతులు ఆ ఫోటోలు అక్కడే సూపర్‌వైజరుకు చూపించినారు. ఒక చోట మళ్లీ వేరు చేసి పోసినారు, ఇంకో చోట వినలేదు.

ఊళ్లో మాత్రం ముందే పెడుతున్నాం, వచ్చే ఆదివారం సాయంత్రం. అక్కడ పెద్దావిడ ఫోటో ఉంటుంది, ఆమే పెట్టమనింది. కొడుకు ఇంకా ముభావంగానే ఉన్నాడు.

పాత_ఎన్లార్జర్
ఊళ్లో పెట్టే రోజు నేనూ వస్తా. ఆ ప్రింటు నాకు పంపు, టోన్లు నేను చూస్తా. ఆమె ముఖం మీద నీడ ఎక్కువుందని నీ వర్ణన బట్టే అనిపిస్తోంది, ఫ్లెక్సీ మీద ఇంకా నల్లబడుతుంది. మంచి పేపరు మీద వేయిద్దాం.

లా_పాయింట్_కడప
వినని చోటు ఫోటోలు ఆరోజే కాంపిటెంట్ అథారిటీకి (పైపులైన్ చట్టం కింద పెట్టిన అధికారికి) రాతపూర్వక ఫిర్యాదుతో ఇచ్చారా? ఇవ్వకపోతే సోమవారం ఇప్పించండి. ఆ రైతు సంతకంతో, రెండు కాపీలు, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని వెనక్కి తెచ్చుకోమనండి.

గుత్తికోట_ఫ్రేమ్
ఇవ్వలేదు మేడం. సోమవారం పొద్దున నేనే బండి మీద తీసుకుపోతా ఆయన్ను.